ఏడో తరగతి ముందు స్తంభం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లోవాళ్ళకూ తెలుసు, పనిలో ఉన్నవాళ్ళకూ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా గోడలకు రంగులు వేస్తున్నాను. గోడ ఎదురు మాట్లాడదు కాబట్టి దానితో నాకెప్పుడూ పేచీ రాలేదు. నా పేచీ అంతా రంగు ఆరకముందే గోడను ముట్టుకుని చూసేవాళ్ళతోనే.

అలాంటి నన్ను తీసుకొచ్చి బడి వరండాకు రంగు వెయ్యమన్నారు. ఆరు వందల మంది పిల్లలంటే పన్నెండు వందల చేతులు. మా చిన్నది అదే బడిలో ఏడో తరగతి చదువుతోంది కాబట్టి కాదనలేకపోయాను. పిల్లలంతా నన్ను రంగుల మావయ్య అంటారు. నేను విసుక్కుంటాను కానీ, ఆ పిలుపు నాకిష్టమే.

పని మొదలుపెట్టిన సోమవారమే ఆయమ్మ నా నిచ్చెన దగ్గరికి వచ్చింది. గదులు ఊడ్చి, తడిబట్ట పెట్టి, కుండల్లో నీళ్ళు నింపే మనిషి. నాకంటే పెద్దది, అక్కా అంటాను. ఆమె మనవరాలు, మా చిన్నది ఒకే తరగతి.

"తమ్ముడూ, నా మనవరాలు బడి మానేస్తానంటోంది" అంది.

"ఎందుకట?"

"చెప్పదు. పొద్దున లేస్తే కడుపునొప్పి. ఆదివారం మాత్రం ఆ నొప్పి ఉండదు. నాకూ ఓపిక అయిపోయింది. వచ్చే సోమవారం టీసీ తీసుకుని మా చెల్లెలి దగ్గరికి పంపించేస్తాను. అక్కడ బడి అయిదో తరగతి వరకే. ఇంక దాని చదువు ఆగినట్టే అనుకో."

"ప్రిన్సిపాల్ మేడమ్‌కి చెప్పావా?"

"చెప్పాను. ఎవరు కొట్టారు, ఎవరు తిట్టారు, పేరు చెప్తే ఇప్పుడే పిలిపిస్తానన్నారు. పేర్లు నాకేం తెలుసు? అడిగితే ఇది నోరు విప్పదు. నువ్వు రోజంతా పైనుంటావు కదా, ఈ వారం కాస్త కనిపెట్టి చూడు."

మేడమ్‌ను తప్పుపట్టడానికి లేదు. ‘ఈ బడిలో ఎవరూ ఎవరినీ ఏడిపించరాదు’ అని వరండా మొదట్లో జానెడేసి అక్షరాలతో నిరుడు ఆమే రాయించింది. రాసింది నేనే. దాని కింద ఫిర్యాదుల పెట్టె కూడా పెట్టించింది. సంవత్సరం మొత్తంలో అందులో పడినవి చాక్లెట్ కాగితాలేనట.

సరే, చూశాను. సోమవారం చూశాను, మంగళవారం చూశాను. బక్కపల్చని పిల్ల, రెండు జడలు. అందరూ లోపలికి వెళ్ళాక వస్తుంది, అందరూ వెళ్ళాక బయటికి వస్తుంది. ఎవరూ కొట్టలేదు. ఎవరూ తిట్టలేదు. పేరు పెట్టి వెక్కిరించినవాళ్ళు కూడా లేరు. పైగా ఒకరినొకరు తోసుకుంటూ నడిచే ఆ మూక, ఈ పిల్ల రాగానే పక్కకు తప్పుకుని దారి ఇస్తోంది. పొరపాటున ఎవరైనా తగిలితే, తగిలినవాళ్ళే నవ్వుతూ పరుగెత్తిపోతున్నారు.

"అక్కా, నీ మనవరాలికి అందరూ దారిస్తున్నారు. రాణీగారికి కూడా అంత మర్యాద జరగదు" అన్నాను మంగళవారం సాయంత్రం.

ఆయమ్మ చేతిలోని గుడ్డ పిండింది. "అయితే దానికి ఏడుపు దేనికి తమ్ముడూ?"

నాకేం తెలుసు? ఇంటికెళ్ళి మా చిన్నదాన్ని అడిగాను. "ఆ అమ్మాయినా? ఏం లేదు నాన్నా, బాగానే ఉంటుంది" అని పుస్తకంలో తల పెట్టింది. మా ఆవిడ మాత్రం, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆ పిల్లే చెప్పనంటుంటే మీకెందుకు?" అంది. నిజమే అనిపించింది. కానీ ఆయమ్మ మొహం గుర్తొస్తే ముద్ద దిగలేదు.

ఇంతలో నాకు నా తలనొప్పి ఒకటి మొదలైంది. వరండాలో ఎనిమిది స్తంభాలు. ఏడింటికి వేసిన రంగు వేసినట్టే ఉంది. ఏడో తరగతి గుమ్మం పక్కనున్నది మాత్రం సాయంత్రానికల్లా నల్లబడుతోంది. అంతా కాదు, పిల్లల భుజాల ఎత్తున, రెండు జానల మేర. సబ్బునీళ్ళతో కడిగాను. గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వేశాను. బుధవారం మళ్ళీ అదే మట్టి. నూనె తలలు ఆనిస్తున్నారా అంటే మరకలు పై నుంచి కిందికి గీసినట్టున్నాయి. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని తుడుచుకుంటున్నారా అంటే కుళాయి వరండాకి అవతలి చివర ఉంది. అంత దూరం తడి చేతులతో వచ్చి, ఏడు స్తంభాలు దాటి, ఎనిమిదో దానికి తుడుచుకునే వెర్రివాళ్ళుంటారా? ఇంటర్వెల్‌లో నిచ్చెన దించెయ్యాలని బడి నిబంధన, కాబట్టి ఆ పావుగంటా నేను వెనక షెడ్డులో కూర్చుంటాను. జరిగేది అప్పుడేనని మాత్రం అర్థమైంది. ఎందుకో తలా తోకా తెలియలేదు.

గురువారం ఇంటర్వెల్ అయ్యాక వచ్చి చూస్తే, ఆ స్తంభం దగ్గర ఆయమ్మ మనవరాలు ఒక్కతే నిలబడి ఉంది. నా కోపమంతా ఆ పిల్ల మీదికి పోయింది.

"నువ్వేనా దీన్ని పాడుచేస్తున్నది?"

"నేను ముట్టుకోను మావయ్యా."

"మరెవరు?"

"అందరూ."

"అందరూ అంటే ఎవరూ కాదనేగా. దొరికిపోయినవాళ్ళు చెప్పే మాటే అది" అన్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఇంకా కోపం వచ్చింది. తర్వాత కొంచెం సిగ్గు కూడా వేసింది. ఎందుకు సిగ్గు వేసిందో మాత్రం అప్పుడు తెలియలేదు.

శుక్రవారం ఒక ఉపాయం చేశాను. ఆ పనికి ఎవరూ నన్ను మెచ్చుకోరు. స్తంభాల కింది సగానికి ముదురు నీలం ఆయిల్ రంగు వెయ్యాలి, అది ఆఖరి పని. ఆ ఒక్క స్తంభానికీ ముందే వేసి, ‘తడి రంగు’ అన్న అట్ట తగిలించకుండా వదిలేశాను. ఆయిల్ రంగు సబ్బుకు పోదు. దొంగ చెయ్యి తానే పట్టిస్తుంది. ఇద్దరో ముగ్గురో దొరుకుతారు, చెవులు మెలిపెట్టి వదిలేద్దాం అనుకున్నాను.

ఇంటర్వెల్ ముగిసిన అయిదు నిమిషాలకు మేడమ్ నన్ను పిలిపించింది. వెళ్ళేసరికి తరగతి మొత్తం వరండాలో వరుసగా నిలబడి ఉంది. ముప్పై మందిలో ముగ్గురు ఆ రోజు రాలేదు. వచ్చిన ఇరవై ఏడుగురిలో ఇరవై ఆరుగురి అరచేతులు నీలం. మార్కుల్లో మొదటి పిల్లవాడిది నీలం. నోట్లో నాలుక లేదని టీచర్లు చెప్పుకునే పిల్లది నీలం. మా చిన్నదాని చెయ్యి కూడా నీలమే.

"ఏమిటండీ ఇది? తల్లిదండ్రులకు నేనేం చెప్పాలి?" అంది మేడమ్.

ఒక తరగతి తరగతంతా పనిగట్టుకుని ఒకే స్తంభాన్ని ఎందుకు తుడుస్తుంది? మేడమ్ చూపు మెల్లగా గుమ్మం వైపు తిరిగింది. అక్కడ ఆయమ్మ మనవరాలు నిలబడి ఉంది. ఆ రెండు చేతులూ శుభ్రంగా ఉన్నాయి.

"ఆ పిల్లకొక్కదానికే అంటలేదంటే, రంగు తడిగా ఉందని ముందే తెలుసన్నమాట. మీరు వాళ్ళ అమ్మమ్మకి చెప్పారా? ఆ పిల్లే వీళ్ళందరినీ ఎగదోసిందా?"

చెప్పలేదన్నాను. కానీ ఒక్క క్షణం నేనూ అదే అనుకున్నాను. నిన్న అక్కడే ఉంది కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇవాళ్టికీ నన్ను నేను క్షమించుకోలేదు.

ముందు పిల్లల చేతుల రంగు వదిలించమంది మేడమ్. కిరసనాయిలు డబ్బా, పాతగుడ్డలు తెచ్చుకుని పీట వేసుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చి చెయ్యి చాపారు. తుడుస్తూ అడిగాను, ఎందుకు ముట్టుకున్నావని. "ఊరికే" అన్నాడు మొదటివాడు. "ఊరికే" అంది రెండోది. ఇరవై అయిదు మంది ఊరికే అన్నారు. ఒక్కరు కూడా నా కళ్ళలోకి చూడలేదు.

ఆఖరున మా చిన్నది వచ్చింది. దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"నువ్వూ ఊరికేనా?"

"తుడుచుకోవాలి నాన్నా" అంది గొణుగుతున్నట్టు.

"ఏం తుడుచుకోవాలి?"

"బంక. తను తగిలితే బంక అంటుతుంది. గంట కొట్టేలోపు ఆ స్తంభానికి తుడిచెయ్యాలి. తుడుచుకోకపోతే మన నుంచి ఇంకొకళ్ళకి. ఇవాళ అందరికీ అంటింది."

"రంగు అంటుతోందని చూళ్ళేదా?"

"చూశాం. గంట కొట్టేస్తారని..."

"ఎవరు మొదలుపెట్టారు?"

"తెలీదు. నేను ఈ సెక్షన్‌లోకి వచ్చేటప్పటికే ఉంది."

"నువ్వు తుడుచుకోకపోతే ఏమవుతుంది?"

"అప్పుడు నేనే బంక" అంది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తను మంచిదే నాన్నా."

మేడమ్ విన్నది. పేరు చెప్తే పిలిపిస్తానన్న మనిషి, ఇప్పుడు ఇరవై ఆరు పేర్లు ఎదురుగా ఉంటే ఎవరిని పిలవాలో తెలియక నిలబడిపోయింది. నా సంగతి చెప్పక్కర్లేదు. కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండు రోజులు ఆ పిల్లనే చూస్తూ కూర్చున్నాను తప్ప, ఆ పిల్ల దాటి వెళ్ళాక వెనక ఏం జరుగుతోందో ఒక్కసారి కూడా చూడలేదు. దారి ఇవ్వడాన్ని మర్యాద అనుకున్న నా తెలివి చూసి నాకే అసహ్యం వేసింది.

తల ఎత్తేసరికి వరుసలో ఇంకొకరు ఉన్నారు. ఆయమ్మ మనవరాలు. శుభ్రంగా ఉన్న రెండు చేతులూ నా ముందు చాపింది.

"నాకు కూడా తుడవండి మావయ్యా."

"నీకేం అంటలేదమ్మా."

"వాళ్ళకి అంటింది నాదే కదా. సబ్బుతో ఎంత రుద్దినా నాకు పోలేదు. మీ మందుతో పోతుందేమో. నాకు పోతే ఇంక ఎవరికీ అంటదు."

ఎగతాళి లేదు, ఏడుపు లేదు. మందు అడిగినట్టే అడిగింది. వరండా చివర గుడ్డ పట్టుకుని నిలబడ్డ ఆయమ్మ ఆ మాటంతా వింది.

నా చేతిలో కిరసనాయిలు గుడ్డ ఉంది. తుడిస్తే అంటిందని నేను కూడా ఒప్పుకున్నట్టు. తుడవనంటే నేను కూడా ముట్టుకోనన్నట్టు. ఇంత వయసొచ్చి, ఇద్దరు పిల్లల్ని కని, పన్నెండేళ్ళ పిల్ల చేతుల ముందు ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నాను. చివరికి గుడ్డ కింద పడేసి, ఆ రెండు చేతులూ నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. చల్లగా ఉన్నాయి. భయంతో బిగుసుకున్నాయి. ఎంతసేపు పట్టుకోవాలో తెలియలేదు, అందుకని వదల్లేదు.

మా చిన్నది నా భుజం మీద చెయ్యి వేసింది. దానికి నేనంటే ప్రాణం. నా చెవి దగ్గరికి వంగి, ఎంతో ఆదుర్దాగా అంది.

"నాన్నా, గంట కొట్టేస్తారు. తొందరగా తుడుచుకో."

ఆ పిల్లకు వినిపించింది. చేతులు లాక్కోబోయింది.

"అంటుకోనీ" అన్నాను.

పీరియడ్ గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. ఇరవై అయిదు మంది పిల్లలు నా చేతుల వైపు, ఆ స్తంభం వైపు మార్చి మార్చి చూశారు. మా చిన్నది నా భుజం మీది చెయ్యి తియ్యలేదు, స్తంభం వైపు వెళ్ళలేదు. ఆ తర్వాత ఏం చేస్తుందో తండ్రినైన నాకే తెలియదు.

"సోమవారం కూడా మీకు పని ఇక్కడేనా మావయ్యా?" అని అడిగింది ఆయమ్మ మనవరాలు.