ఖాజావలి ఒంటె ఎత్తు

సౌదీలో అల్ ఖోబర్ నుంచి నజ్రాన్ దాకా డ్రైవర్ ఖాజావలి మొహం తెలియనివాళ్ళు లేరు. చెక్‌పోస్టు సిపాయిలు కూడా పేరు పెట్టి పలకరిస్తారు. ఆ పొద్దున మాత్రం ఆయన మొహం ఆయన ఫోనుకే తెలియలేదు.

కారు పక్కన హఫ్సా నిలబడి ఉంది. నంద్యాల పిల్ల. పదింటికి దమ్మాంలో నర్సు లైసెన్సు పరీక్ష. ఆలోగా చేరకపోతే ఉద్యోగం చేజారినట్టే. అయినా ఎక్కదు. యాప్‌లోని డ్రైవరుకు ఒత్తయిన జుట్టు, గోరింటాకు గడ్డం. ఎదురుగా ఉన్నవాడికి మక్కా వెళ్ళి ఉమ్రా చేసొచ్చిన నున్నటి గుండు, తెల్ల గడ్డం.

"ఎక్కు పాపా! మాది పొద్దుటూరు. నా తెలుగు ఇనపడ్లేదా?"

"మోసం చేసేటోళ్ళకు తెలుగు రాదా తాతా?"

ఆ యాప్‌కు సేటు లేడు, ఆఫీసు లేదు. డ్రైవర్లే కలిసి నడుపుకుంటారు. ఫొటోకూ మనిషికీ పొంతన కుదరకపోతే తోటి డ్రైవరు వీడియోలో చూసి, చేరిన రోజు ఆ మనిషి తనే రాసుకున్న గుట్టు ప్రశ్న అడగాలి. మూడుసార్లు తప్పితే ఆ రోజుకు బండి బంద్.

వీడియోలోకి నవాజ్ వచ్చాడు. "మామూ, గుండు ఎవరిదైనా ఒకటే. ప్రశ్న చదువుతాండా. నజ్రాన్ దోవలో ఇసకలో దిగబడిన నీ కారును ఈడ్చిన ఒంటె ఎత్తెంత?"

ఖాజావలి చెవులు ఎర్రబడ్డాయి. ఆడపిల్ల ముందు పరువుగా ఉందామని, బుద్ధెరిగాక మొదటిసారి నిజం చెప్పాడు. "ఒంటె లేదు, ఏం లేదప్పా. క్రేను వచ్చి లాగింది."

"తప్పు! మా మామూ ఇట్ల మాట్లాడడు."

"నలభై అడుగులు!"

"తప్పు. ఇంకొక్కసారే."

హఫ్సా టైము చూసుకుంది. తొమ్మిదింబావు. "తాతా, ఆ ఒంటె ఏటేటా పెరుగుతాందేమో! నువ్వు యాప్‌లో చేరిన దినం ఎంతుండె?"

ఖాజావలి వేళ్ళు మడిచాడు. "రెండేండ్ల కిందట... అప్పుడింకా పిల్లది. పద్దెనిమిది!"

ఫోను పచ్చగా వెలిగింది. హఫ్సా ఎక్కింది. పదింటికి ముందే పరీక్ష గేటు దగ్గర దిగింది. దారి పొడవునా నవ్వుతూనే ఉంది.

ఖాజావలి కథను ఖాజావలే చెబితే ఇలాగే ఉంటుంది. ఒప్పుకుంటున్నాను, ఆ పిల్ల నవ్విందన్నది నా కల్పన. వెనక సీట్లో కూచుని, కారు ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు కనబడేలా పెట్టి, దమ్మాం దాకా ఫోను చేతిలోంచి దించలేదు. మంచి పనే చేసింది.