మంచుకొండ మట్టి

వైకుంఠరావు తన గొట్టాలు తెచ్చి జీవరత్నమ్మ జీడితోటలో పాతిన రోజున ఆవిడ చేసిన పొరపాటు ఒక్కటే. ఆయన నోట ‘శాంపిల్’ అన్న మాట విని సంబరపడింది. ఉద్దానంలో ఆ రోజుల్లో శాంపిల్ అంటే ఒకటే అర్థం. కార్లో దిగినవాళ్లు రక్తం తీసుకుంటే శాంపిల్, నూతి నీళ్లు సీసాలో పట్టుకుంటే శాంపిల్. ఊళ్లకు పట్టిన కిడ్నీ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చడానికి వస్తారు గానీ, అక్కుపల్లి వెళ్లే ఆ దిక్కుమాలిన దారిలోకి చదువుకున్నవాళ్లు ఇంకెందుకు వస్తారు? పట్టుకుపోయినవాళ్లెవరూ తిరిగొచ్చి ఇదీ సంగతి అని చెప్పిన పాపాన పోలేదు, అది వేరే విషయం.

ఆవిడ పెనిమిటి జెకర్యాకు అప్పటికే కాళ్లు నీరు పట్టాయి. కూతురు ఇవాంజెలిన్‌కైనా ఆ జబ్బు తగలకుండా కాశీబుగ్గ వెళ్లిపోదామని, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసుకునైనా బతుకుదామని జీవరత్నమ్మ రోజూ పోరేది. జెకర్యా కదిలేవాడు కాదు.

“మట్టిదే తప్పని ఎవుడైనా తేల్చి సెప్పమను, ఆ రోజే ఎలిపోదుం. ఉట్టినే తోటొగ్గీసి ఎలిపోతానేటి?” అనేవాడు.

తేల్చే మనిషి వచ్చాడు కదా అని ఆవిడ ఆశ. వైకుంఠరావుది టెక్కలి. విశాఖపట్నంలో మట్టి మీద పరిశోధన చేసేవాడు. మంచి మనిషే, ‘అమ్మా’ అని తప్ప పిలవడు. “ఈ మట్టి ఎంత ఊపిరి వదులుతోందో కొలవాలమ్మా. శాంపిల్స్ ఎవరూ ముట్టుకోకుండా చూడండి,” అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆవిడ గొట్టాల చుట్టూ ముళ్లకంప కట్టింది. మేకను అటు తోలినందుకు సొంత తోడికోడలితో మాటలు మానేసింది. నెలనెలా ఆయన వచ్చి గొట్టం మీద ఊపిరి కొలిచే పెట్టె బోర్లించి అంకెలు చూసుకుంటుంటే, గొట్టంలోకి తొంగైనా చూడకుండా, డాక్టరు గదిలో నిలబడ్డట్టు పక్కన చేతులు కట్టుకుని నిలబడేది.

ఎండలు ముదిరిన ఒక రోజు ఆయన గొట్టంలో చెయ్యి పెట్టి కాస్త మట్టి తీశాడు. నల్లగా, మెత్తగా, గడ్డివేళ్లతో ఉంది. జీవరత్నమ్మ ముందుకు వంగి చూసింది. వాళ్లది ఇసుక నేల.

“ఇది మా మట్టి కాదు గదా బావూ?”

“కాదమ్మా, హిమాలయాల మీంచి తెచ్చాం. చెట్టు కూడా మొలవనంత ఎత్తున ఉండే పచ్చికబయలు మట్టి. అక్కడి చలికి కుళ్లాల్సింది కుళ్లకుండా ఏళ్ల తరబడి లోపలే ఉండిపోతుంది. వేడి తగిలిందంటే మట్టిలో ఉండే కంటికి కనపడని జీవులు దాన్ని తినడం మొదలుపెడతాయి, ఊపిరి ఎక్కువ వదులుతాయి. ఆ ఊపిరితో లోకం ఇంకా వేడెక్కుతుంది. ఎంత వేడికి ఎంత ఊపిరో తెలియాలని కొన్ని అక్కడే ఉంచాం, కొన్ని అరకులో పెట్టాం, కొన్ని ఇక్కడ.”

“మరి మాది?”

“మీది అక్కర్లేదమ్మా. మీ దగ్గర కావలసింది ఎండే.”

ఎండ కావాలట! ఎక్కడో మంచుకొండ మీది మట్టికి నెలనెలా నాడి చూసే నాథుడున్నాడు గానీ, మనుషులు రాలిపోతున్న మట్టిని అడిగే దిక్కు లేదు. జీవరత్నమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం గొట్టాల్లోని నల్లమట్టి అంతా తోడేసి, తాము నీళ్లు తాగే నూతి పక్కన మట్టి తవ్వి కూరింది. అనుమానం రాకుండా పైన మాత్రం కాస్త నల్లమట్టి పరిచింది. మిగిలింది కొబ్బరిచెట్టు మొదట్లో పోసింది. దొంగతనం అనుకోలేదు. ఎలాగూ పట్నం పోయే గొట్టాలే, అందులో మా మట్టి పోతే ఆయన సొమ్మేం పోయింది అనుకుంది.

“ఈపాలి తేలిపోద్ది,” అని జెకర్యాతో చెప్పింది.

“తేల్నీ. ఎలిపోదుం,” అన్నాడు జెకర్యా. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఆ ఇసుకలో కుళ్లడానికి ఏమీ లేక గొట్టాల్లో ఊపిరి ఒక్కసారిగా పడిపోయింది. వైకుంఠరావు మొదట తికమకపడ్డాడు, తరవాత పొంగిపోయాడు. గొట్టాలు తీసుకుపోవడానికి వచ్చిన రోజున మిఠాయి పొట్లం కూడా తెచ్చాడు. అప్పటికి జెకర్యా పడుకోలేక, లోపల గోడకు ఆనుకుని కూర్చుని రొప్పుతున్నాడు.

“మీ తోటలో పెద్ద సంగతే తేలిందమ్మా,” అన్నాడు వైకుంఠరావు.

ఆవిడ చేతిలోని చెంబు కింద పెట్టేసింది. “ఏటి తేలింది బావూ?”

“మట్టి వేడికి అలవాటు పడిపోయింది. మొదట్లో ఊపిరి ఎక్కువ వదిలినా, తరవాత తగ్గించేసుకుంది. మేం భయపడినంత ముప్పేమీ లేదు. ఢిల్లీలో సభలో కూడా చెప్పి వచ్చాను.”

“మా మట్టితో ముప్పు నేదా?” ఆవిడకు ఏడుపొచ్చింది. మరి ఇంటాయనకు ఈ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఆయన ఒక గొట్టం పెకలించాడు. కింది నుంచి తెల్లటి ఇసుక జలజలా రాలింది. ఇంకోటి పెకలించాడు. అదీ అంతే.

“ఎవరు చేశారీ పని?”

“నేనే. మాది కూడా సూత్తారని.”

‘అమ్మా’ పోయి ‘నువ్వు’ వచ్చింది. “నా చదువంతా మట్టిపాలు చేశావు కదా నువ్వు!”

“సేసేను. తిట్టు బావూ, పడతాను. గాని మా మట్టిలో ఏటుందో అది సెప్పు.”

“నాకేం తెలుసు? అదెవరు చూశారు? నేను చూసింది ఊపిరి ఒక్కటే.”

లోపల జెకర్యా గాలి అందక ఎగశ్వాస తీస్తున్నాడు. ఆవిడ ఒక్క క్షణం అటు విని, వెళ్లి తలుపు బార్లా తెరిచింది.

“ఊపిరేనా? అయితే ఆ పెట్టి అట్టుకుని లోపలికి రా బావూ. మా ఇంటాయనకి పొద్దుట్నించి అందడం నేదు. ఇంకెంతుందో కొలిసి సెప్పు.”

వైకుంఠరావు అటు చూడలేదు. “నా మట్టి ఎక్కడ పోశావు?” అని అడిగాడు.

ఆవిడ చూపించింది. ఆయన కొబ్బరిచెట్టు మొదట్లో మోకాళ్ల మీద కూలబడి, నల్లగా కనిపించిందల్లా రెండు చేతులతో సంచిలోకి ఎత్తుకోసాగాడు. జీవరత్నమ్మ తలుపు పట్టుకుని ఇంకా నిలబడే ఉంది.