కుప్పం స్టేషన్లో రామక్క

కట్టుకున్న చీర రుక్మిణమ్మది, గంజి పెట్టి బిరుసుగా ఉంది, తలమీద నిలవదు, జారినప్పుడల్లా లాక్కుంటున్నాను, బెంగళూరు బండి ఇంకా రాలేదు, ఎవురైనా అడిగితే నా చెల్లెలని చెప్తా, నువ్వు నోరు తెరవొద్దు రామక్కా అంది పక్కన కూచున్న రుక్మిణమ్మ, రైలు పట్టాల పనివాడి పెళ్లాం, నిన్నటిదాకా ఈమె ముఖమే నాకు తెలియదు, గాజులమ్మే చిన్నక్క తన కూతురి కాన్పుకు తోడు తీసుకుపోతున్నట్టు నన్నూ నా బిడ్డనూ చౌడేపల్లెలో బస్సెక్కించింది, పుంగనూరులో మదనపల్లె టమోటా లారీ అతను పేరైనా అడక్కుండా గంపల మధ్య కూచోబెట్టుకుని ఇక్కడ దించాడు, నాకేమీ కాని వీళ్లంతా నాకోసం అబద్ధాలాడుతున్నారు, నా మొగుడు శివప్ప మాత్రం ఈనే ఆవును ఇడిసి యాడికొస్తానే, ఆసామికి ఎవురుండారు అన్నాడు, ఆసామికి ఎవరున్నారట, వెట్టి రద్దయిందని రేడియో చెప్పిన పొద్దున కూడా ఆసామి లక్ష్మీపతి నాచేత పేడ ఎత్తించాడు, చట్టం ఢిల్లీలో ఉండాది, పేడ ఈడ ఉండాది అని నవ్వాడు, శివప్ప కూడా నవ్వాడు, మా మామ జీతం చేసి చచ్చిన ఆ కొట్టంలోనే నా బిడ్డను దూడలు చూసే పనికి పెట్టమని ఆసామి అంటే సరే అయ్యా అన్నదీ ఆయనే, ఆ వారమే చిన్నక్క నాకు గాజులు తొడుగుతూ పోతావా అని మెల్లగా అడిగితే తల ఊపాను.

గోవిందప్ప, ఆసామి మనిషి, టికెట్ల కిటికీ దగ్గర, ఆ నడక నాకు తెలుసు, బిడ్డను కొంగు కిందికి లాక్కున్నాను, బిడ్డతో ఆడమనిషి వచ్చిందా అప్పా అని పోర్టరును అడిగాడు, సూడలేదన్నాడు పోర్టరు, అతనూ మనవాడేనేమో, గోవిందప్ప మా వైపే వచ్చాడు, రుక్మిణమ్మ లేచి అడ్డంగా నిలబడింది, యాల సూస్తాండావప్పా, మా చెల్లెలు, జొరం, ఆస్పత్రికి పోతాండాం అంది, ఏం లేదమ్మా, మా జీతగాని పెండ్లాం పారిపోయింది, వాడే వచ్చి కుప్పం పోయుంటాది, తోలుకోని రాండయ్యా అని కాళ్లు పట్టుకున్నాడు అని చెప్పి అతను ముందుకు పోయాడు.

వాడే వచ్చి, కాదు, కొట్టి ఉంటారు, గుంజకు కట్టి అడిగి ఉంటారు, కానీ కాళ్లు పట్టుకున్నాడట, కుప్పం అన్న మాట ఆయన చెవిలోనే చెప్పాను, వెనకాలే రా అని చెప్పాను, బండి వచ్చింది, రుక్మిణమ్మ నా చేయి పట్టి ఎక్కించింది, నాయన ఏ బండికొస్తాడుమా అని బిడ్డ అడిగింది, రేపని చెప్పబోయాను, ఆయన్ని ఎవరూ కట్టలేదు, కట్టాల్సిన పనే లేకపోయింది, రాడమ్మా అన్నాను.