వావిలాకు తెరిచిన ముక్కు

జిగురన్న ముక్కు పేరుకే ముఖద్వారం. ఏళ్ల తరబడి తలుపులు బిగిసిపోయిన ఇల్లది. ఆ మూతే అతనికి మేత. డెక్కలూ తోలుముక్కలూ బానలో ఉడికించి జిగురు తీసే కార్ఖానాలో, ముక్కు పనిచేసేవాడెవడూ వారం నిలవలేదు. మనవాడు మాత్రం సరుకులాగే అంటుకుపోయాడు.

కూతుర్ని చూడటానికొచ్చిన అత్తగారికి ఈ గుట్టు తెలియదు. అల్లుడి గురకకి హడలిపోయి, పొద్దున్నే అడవి అంచుకు పోయి, వావిలి పొదలోంచి కొమ్మలు విరుచుకొచ్చింది.

"ఈ ఆకు ఆవిరి పట్టండి బాబూ. జలుబైనా తలనొప్పైనా, కీళ్లు పట్టేసినా మా అమ్మ దీంతోనే వదిలించేది."

"నన్ను వదిలేస్తే బావుణ్ణు అత్తయ్యగారూ."

ఆవిడ వదల్లేదు. ఆవిడకీ ఆవిరికీ ఒక్క అక్షరమే తేడా. ఇద్దరికీ ఎదురు చెప్పలేక అతను మరుగుతున్న కుండ మీదికి వంగి దుప్పటి కప్పుకున్నాడు. ఆరిన ఆకు కుక్కిన దిండు మీదే పడుకున్నాడు.

ఒకరోజు స్నానం చేస్తుంటే ముక్కులో ఠప్పుమంది. సబ్బు వాసన! తడిమట్టి వాసన! ఇల్లంతా మూచూసి, ఆ హుషారులోనే కార్ఖానా గుమ్మం తొక్కాడు. తొక్కీ తొక్కగానే కక్కాడు.

"నువ్వు కూడానా?" ఓనరు నుదురు కొట్టుకున్నాడు. "రేపు సాయంత్రందాకా బాన దగ్గర నిలబడ్డావా సరే. లేదంటే ఇంకొకణ్ణి చూసుకుంటా."

ఇంటికొచ్చి చొక్కా విప్పబోతే తెలిసింది, ఆ కంపు తన ఒంటికీ పట్టేసిందని.

"ఏమేవ్! ఇన్నేళ్లూ దీంతోనా కాపురం చేశావు?"

"కాపురమా? కంపురం!" అంది పెళ్లాం.

"మరెలా భరించావే?"

"నోటితో పీల్చుకుంటూ. నోరు మూస్తే ముక్కు పీల్చేస్తుందిగా! అందుకే మీ పక్కనున్నంతసేపూ వాగుతుంటాను. ఎదురింటి మొగుడూపెళ్లాల గొడవ నాకు మాత్రం ఎందుకండీ?"

"నా మీద ప్రేమతో మాట్లాడుతున్నావనుకున్నానే!"

"ప్రేమే మరి. లేకపోతే అవతలి గదిలోకి పోయి హాయిగా నోరు మూసుకునేదాన్ని."

జిగురన్న అలాగే నోరు తెరిచి ఉండిపోయాడు. నిజమే, కంపు తగ్గింది.

మర్నాడు బానలో తెడ్డు వేస్తూనే మాట అందుకున్నాడు. అత్తగారి వైద్యం, ఎదురింటి గొడవ, తన గురక అన్నీ అయ్యాయి. ఓనరు బట్టతల దాకా వచ్చీ ఆగలేదు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది గానీ కాలు కదల్లేదు.

"పని నీదేరా నాయనా! ఇక నోరు మూసుకో!" ఓనరు చేతులు జోడించాడు.

"మూస్తే పని మానెయ్యాలండీ," అని జిగురన్న తెడ్డు ఇంకో చుట్టు తిప్పి, ఓనరు బావమరిది సంగతి మొదలుపెట్టాడు.