మెత్తటి గుడ్డ

పిస్తోలు తుడిచిన గుడ్డ సబ్బుకి లొంగదు. వేడినీళ్ళలో సోడా వేసి నానబెట్టాలి, బ్రష్షుతో రుద్దాలి, అయినా నల్లటి నూనె మరక మిగిలే ఉంటుంది. మిగతా బట్టలకి అంటుకోకుండా దానికి వేరే బకెట్టు పెట్టాను. పారేసి కొత్త గుడ్డ తీసుకోవచ్చు కదా అని అడిగితే, "మెత్తబడ్డ గుడ్డే ఉండాలి. కొత్తదైతే గీతలు పడతాయి," అన్నాడు మా ఆయన. ఆ మెత్తబడ్డ గుడ్డ ఏదో ఆయనకి తెలీదు. నా కూతురు పుట్టినప్పుడు మా అమ్మ కుట్టి పంపిన పొత్తిగుడ్డ అది. కనపడిందని తీసుకున్నాడు. ఉతికేది ఎలాగూ నేనే.

మా ఆయన కొట్టే మనిషి కాదు. "నీ మీద ఏనాడైనా చెయ్యెత్తానా?" అని అడుగుతుంటాడు. ఎత్తలేదు, అబద్ధమెందుకు చెప్పాలి? మాటా మాటా పెరిగితే ఆయన ఠక్కున నోరు మూసుకుంటాడు. మెళ్ళోని తాళంతో బీరువా తీస్తాడు. భోజనాల బల్ల మీద ఆ గుడ్డ పరిచి, పిస్తోలు విప్పి, ఒక్కో భాగమూ వరసగా పేర్చి, నూనె చుక్కలు వేసి తుడుస్తాడు. నా వైపు చూడను కూడా చూడడు. "ఊఁ, చెప్పు, వింటున్నా," అంటాడు. ఇంకేం చెప్తాను? నేను పనిచేసే ఆసుపత్రివాళ్ళు నన్ను పై శిక్షణకి పంపిస్తామన్నప్పుడూ అంతే. ఆ రాత్రి బల్ల మీద గుడ్డ పరిచాడు. తెల్లారి మా పెద్దడాక్టరుతో "ఇంట్లో కుదరదు సార్" అన్నది నేనే. అంతా చూస్తూ కూర్చున్న మా అత్తగారు, "మీ మామగారూ అంతేనమ్మా, శుభ్రం మనిషి," అన్నారు. పిస్తోలు అసలు మామగారిదే. కొడుక్కి పిస్తోలుతో పాటు ఆ శుభ్రమూ వచ్చిందన్నమాట.

ఇంటికి రక్షణట. మా గుమ్మంలోకి ఇన్నాళ్ళలో వచ్చిన పరాయివాళ్ళు కొరియర్ కుర్రాళ్ళూ, కుళాయి బాగుచేసే ఆయనా. వాళ్ళ నుంచి కాపాడటానికి కాబోలు. ఎక్కడో ఎవడో కాల్పులు జరిపాడని టీవీలో వస్తే, ఆయన స్నేహితులు మా సోఫాలో కూర్చుని తీర్పులు చెప్తారు. "తుపాకీ ఏం చేసిందిరా పాపం, అంతా మనిషిని బట్టి ఉంటుంది," అంటారు. "బాధ్యతగలవాడి దగ్గరుంటే ఏ భయమూ లేదు, ఆత్మరక్షణ మన హక్కు," అంటాడు మా ఆయన. ఆ హక్కు తాలూకు మరకలు ఉతికే మనిషి అక్కడే ప్లేట్లు అందిస్తుంటుంది. నీ ఉద్దేశమేమిటని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

నేను ఫిజియోథెరపిస్టుని. బిగుసుకుపోయిన భుజాలూ మోకాళ్ళూ మళ్ళీ కదిలించడం నా పని. ఈ మధ్య ఒకావిడ వస్తోంది. భుజంలోంచి తూటా దూసుకుపోయింది, చెయ్యెత్తి తల దువ్వుకోలేదు. భర్త తుపాకీ శుభ్రం చేస్తుంటే పొరపాటున పేలిందని వాళ్ళింటివాళ్ళు ఆసుపత్రిలో చెప్పారు. కసరత్తు కోసం గోడకి బిగించిన చక్రం పిడిమీద ఆమె చెయ్యి పెట్టి మెల్లగా తిప్పిస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె చక్రం వైపే చూస్తూ అంది: "మా ఆయన తిన్న కంచం తియ్యడండీ. తుపాకీని మాత్రం గొడవైనప్పుడల్లా శుభ్రం చేసేవాడు."

నా చెయ్యి ఆగిపోయింది.

"నొప్పేం లేదు, తిప్పండి," అంది ఆమె.

ఇంటికెళ్ళేదాకా ఆమె మాటే నా వెంట వచ్చింది. భయం అనుకున్నాను. కాదు, ఒళ్ళు మండిపోతోంది. ఇన్నేళ్ళూ నా ఒక్కదాని ఖర్మ అనుకున్నానే, ఇదేమన్నా ఈ మొగుళ్ళందరూ బడిలో నేర్చుకున్న పాఠమా?

ఆ సాయంత్రమే ఆయన ఆదివారం స్నేహితుల్ని భోజనానికి పిలిచానన్నాడు. "నాకు డ్యూటీ ఉందని ముందే చెప్పానుగా," అన్నాను. గొంతు కాస్త పెరిగిందేమో. ఆయన కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటున్న నా కూతురు పుస్తకాలు మూసి పక్కన పెట్టింది. సొరుగులోంచి గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. ముడతల్లేకుండా మూలలు సర్దింది.

"అమ్మా, ఇంక ఊరుకోమ్మా," అంది.

"నా బంగారుతల్లి," అని ఆయన దాని తల నిమిరాడు.

దానికి ఇంకా ఎక్కాలు కూడా సరిగ్గా రావు. ఎప్పుడు నోరు మూసుకోవాలో మాత్రం నేర్చేసుకుంది. తండ్రి నేర్పాడని ఆయన మీదికి తోసేద్దామనుకున్నాను గానీ, ఎదురుగా కూర్చుని నోరు మూసుకుని చూపించింది నేనే కదా. తనని చుట్టి పడుకోబెట్టిన గుడ్డ తనే పరుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఇంక చాలనుకున్నాను.

లైసెన్సు గడువు తీరినప్పుడల్లా స్టేషన్ నుంచి ఒక ఆఫీసరు ఇంటికొస్తాడు. ఇంట్లోవాళ్ళకి అభ్యంతరముందేమో అడగడం పద్ధతి. కిందటిసారి ఆ ప్రశ్నకి జవాబు మా ఆయనే చెప్పేశాడు, నేను వంటింట్లో టీ వడకడుతుంటే. ఈసారి టీ కప్పులు బల్ల మీద పెట్టి నేనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఇంట్లోవాళ్ళకి అభ్యంతరాలేమైనా..." అంటూ ఆఫీసరు మా ఆయన వైపే చూశాడు.

"మా ఆవిడకేం ఉంటాయండీ. టీ చల్లారిపోతోంది, తీసుకోండి."

"ఉంది," అన్నాను.

మా ఆయన నవ్వాడు. "దీనికి వేళాకోళం ఎక్కువండీ."

ఆఫీసరు మొదటిసారి నా వైపు తిరిగాడు. "బెదిరించారా మేడమ్?"

"లేదు."

"కొట్టారా?"

"ఎప్పుడూ లేదు."

"మరి?"

"నేను నోరు విప్పినప్పుడల్లా పిస్తోలు తీసి నా ముందు పెట్టుకుని శుభ్రం చేస్తారండీ. దొంగల కోసం ఇంతవరకూ ఒక్కసారి కూడా తియ్యలేదు."

"శుభ్రం చెయ్యడం కూడా తప్పేనా?" మా ఆయన సోఫాలో ఉన్న తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నాన్న చేసేవాడు కాదూ? నువ్వే చెప్పు."

అత్తగారు లేచి బల్ల దగ్గరికి వచ్చారు. నేను ఆవిడ మీద ఏ ఆశా పెట్టుకోలేదు.

"చేసేవారు," అన్నారు. "అప్పుడు నువ్వు మంచం కింద దూరేవాడివి. బయటికి లాగలేక చచ్చేదాన్ని. తాళం ఇచ్చెయ్యరా."

విచారణ తేలేదాకా తన దగ్గరే ఉంటుందని ఆఫీసరు పిస్తోలు తీసుకెళ్ళాడు. మా ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. మానెయ్యనీ. శిక్షణకి వెళ్తానని నేను పెద్దడాక్టరుతో చెప్పేశాను.

నిన్న సాయంత్రం నా కూతురు లెక్కలు చెయ్యనని మొండికేసింది. చెయ్యమన్నాను. "చెయ్యను, నువ్వెప్పుడూ ఇంతే," అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. తండ్రి పక్కనే కూర్చుని ఉన్నాడు. అది ఒక్కసారి కూడా ఆయన వైపు చూడలేదు. నేను చేతిలో పని పక్కన పెట్టి కూర్చున్నాను, అది అరిచినంతసేపూ విన్నాను.