పైకి వెళ్తూ ఆగే లిఫ్టు

ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఏమిటో మా పిన్ని కూతురు బుల్లిని చూస్తే తెలుస్తుంది. యూనివర్సిటీలో ఫిజిక్సు సీటు కోసం ఎంట్రన్సుకు చదువుకుంటానని మూడు నెలల క్రితం ఒక్క సంచీతో మా ఇంటికి వచ్చింది. ఉన్నవి నలభై సీట్లు. అదే పరీక్ష నేను రెండోసారి రాస్తున్నాను. కిటికీ పక్క బల్ల నాది. ఇప్పుడు దానిది. "చిన్నపిల్ల, వెలుతురుండాలి" అన్నాడు నాన్న. నావి గుడ్లగూబ కళ్ళు కాబోలు!

నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. ఆదివారం ఆఫీసుల భవనంలో లిఫ్టు ఖాళీగా ఉంటుంది. బరువు చూసుకునే మిషను ఒకటి పట్టుకెళ్ళి లిఫ్టులో పెట్టి మమ్మల్ని ఎక్కించేవాడు. ఒకరు దానిమీద నిలబడాలి, ఒకరు ముల్లు చూసి రాసుకోవాలి. లిఫ్టు పైకి కదలగానే ముల్లు ఎగిరితే, "అమ్మో! పెదనాన్నా, లావైపోయా!" అని కేకేసేది బుల్లి. నాన్న పడీ పడీ నవ్వేవాడు. అదే ముల్లు నిరుడు నాకూ ఎగిరింది. అప్పుడాయన నవ్విన గుర్తు లేదు. ఆయన నోట ఒక్క మంచి మాట కోసం ఏడాదిగా చూస్తున్నాను.

పరీక్ష ముందురోజు సాయంత్రం అది పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, లిఫ్టు పైకెళ్తూ ఆగబోతోందనుకో. ముల్లు పెరుగుతుందా, తగ్గుతుందా?"

తగ్గుతుంది. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నిరుడు నాన్నకి అది విడమరిచి చెప్పిందే నేను. కానీ సరిగ్గా అప్పుడే వంటింట్లో ఆయన, "బుల్లికి సీటు ఖాయం" అని అమ్మతో అంటున్నాడు. నా ఊసే లేదు.

"పెరుగుతుంది. పైకేగా వెళ్తోంది" అన్నాను.

బుద్ధిగా రాసుకుంది. అబద్ధమెందుకు, నాకు హాయిగా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం పరీక్ష. పొద్దున్నే నాన్న పనికి బయల్దేరుతుంటే, "నేనూ వస్తా పెదనాన్నా, అట్నుంచి అటే పరీక్షకెళ్తా" అని వెంటపడింది. మా సెంటర్లు వేరువేరు. ఈ రోజు కూడా నాన్న దానికేనా! ఒళ్ళు మండిపోయింది. పదింటికి ఫోను మోగింది. దాని పేరు చూసి కట్ చేశాను. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాను.

పరీక్షలో పదిహేడో ప్రశ్న అదే. తగ్గుతుందని గుర్తు పెట్టి, "పోయింది దానికి ఒకటి" అనుకున్నాను.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే బుల్లి పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఫోనెందుకు ఎత్తలేదక్కా? నువ్వు చెప్పింది ఎందుకో కుదరట్లేదనిపించి, పొద్దున్న పెదనాన్నతో వెళ్ళి లిఫ్టెక్కి చూశా. ఆగేముందు ముల్లు తగ్గింది! నీకు చెబుదామంటే నువ్వు ఎత్తవు. తీరా అదే ప్రశ్న వచ్చింది. నీకు మార్కు పోతుందని అక్కడే ఏడుపొచ్చేసింది నాకు. ఏం రాశావక్కా?"

గుమ్మం పక్కన బూట్లు విప్పుకుంటున్న నాన్న తలెత్తాడు. పెరుగుతుందని రాశానంటే ఆయన నమ్మడు. తగ్గుతుందని రాశానంటే ఇది ఊరుకోదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"తగ్గుతుందనే రాశాను."

"హమ్మయ్య!" అని నన్ను వాటేసుకుంది. "బతికించావు తల్లీ! పొద్దుట్నుంచీ నీ గురించే బెంగ. మరి నిన్న నాకెందుకు..."

అక్కడ ఆగిపోయింది. మెల్లగా చేతులు వదిలేసింది.

నాన్న బూట్లు గోడవారగా సర్దాడు. పొద్దుటి నుంచీ ఆయనకి తెలుసని ఆ మొహం చూస్తే అర్థమైంది.

"నీకు ఫిజిక్సు బాగా వచ్చమ్మా" అన్నాడు.