కుడిచేతి గాజులు

మానుకోట దవాఖానలో నర్సుగా ఎందరి మొండితనమో చూశాను గానీ, మంగ్లీ ముందు అవన్నీ దిగదుడుపే. అది ఎనభై ఒకటో సంవత్సరం.

గూడూరు దగ్గరి తండా ఆమెది. ఎడమ రొమ్ములో గడ్డ లేస్తే వరంగల్‌లో ఆపరేషన్ చేసి తీశారు. అప్పుడే ఎడమ దండచేతికున్న దంతపు గాజులూ తీయించారు. మొగుడు బతికున్నంతకాలం లంబాడీ ఆడది ఆ గాజులు తీయదు. కుడిచేతివి ఉన్నాయి కదా అని అప్పటికి మనసు గట్టి చేసుకుంది. ఇప్పుడు మందు ఎక్కించాల్సింది ఆ కుడిచేతికే. ఆపరేషనయిన వైపు సూది గుచ్చకూడదు. కుడివైపేమో గాజులు బిగుసుకుని సెలైనే సరిగ్గా పోవడం లేదు, చెయ్యి ఉబ్బుతోంది. గాజులు తీయనంటుంది, ఇక మందెట్లా ఎక్కించేది?

"గడ్డ పాయె గదా అక్కా. ఇంకేం మందు?" అంది నాతో.

డాక్టరు వెంకట్రాం ఓపికగా చెప్పాడు. "గడ్డ పోయింది. కానీ పోకముందే దాని కణాలు కొన్ని నెత్తుట్ల పడి ఉండొచ్చు. కంటికి ఆనవు. తిరిగి తిరిగి ఎముకలనో కార్జంలనో దిగితే అక్కడ మళ్ల గడ్డ కడతయి. దిగకముందే పట్టాలె. అందుకే మందు నెత్తుట్లకే ఎక్కిస్తున్నం."

"ఉన్నయని చూసినవా సారూ?"

"చూడలేం."

"కనవడని దానికోసం గాజులు తీసి నా మొగని పానం మీదికి తెమ్మంటవా?"

నాకు ఒళ్లు మండింది. "మరి నీ పానం సంగతేంది? సోయున్నదా నీకు?" అన్నాను. కోపం పైకే, లోపల భయం. ఇట్లా మందు వద్దని వెళ్లిపోయినవాళ్లు మళ్లీ వచ్చేసరికి చెయ్యిదాటిపోతుంది.

ఆమె భర్త తావుర్యా గోడకానుకుని అంతా విన్నాడు. మంచం దగ్గరికి వచ్చాడు.

"నేను పోతే నువ్వు గాజులు తీస్తవు. నువ్వే పోతే నేనేం తియ్యాలె?"

మంగ్లీ కుడి చెయ్యి చాపింది. సబ్బునీళ్లు రాసి ఒక్కొక్క గాజూ అతనే జార్చాడు. ఆమె ఏడుస్తూనే ఉంది. తీసినవి మూట కట్టలేదు, తన ముంజేతికి ఎక్కించుకున్నాడు. పక్క మంచం మీది ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"నవ్వవ్వా, నవ్వు. గాజులున్నయి, నేనున్న" అన్నాడు.

మందు దిగసాగింది. మంగ్లీ కళ్లు మూసుకుంది. కాసేపటికి, కళ్లు తెరవకుండానే అంది:

"జర చెయ్యి ఆడియ్యి. నాకినవడాలె."

తావుర్యా గాజులు ఆడించాడు. మందు బుడ్డి ఖాళీ అయ్యేదాకా ఆడిస్తూనే కూర్చున్నాడు.